కట్ట మనది, గుట్ట ఎవరిది?

సార్వా మొదలైతే చాలు, మా గోదావరి జిల్లాల్లో ఎరువుల కొట్ల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. "డీఏపీ వచ్చిందాండీ?" అన్నదే అందరి నోటా మాట. వ్యవసాయ శాఖలో నా ఉద్యోగం ఎక్కువ భాగం భూసార పరీక్షా కేంద్రాల్లో గడిచింది. మొదట అనంతపురంలో, తరవాత డెల్టాలో. రైతు తెచ్చిన మట్టిలో ఏముందో చెప్పడమే నా పని. ఆ మట్టిలో వేసే ఎరువు ఎక్కడి నుంచి వస్తోంది, వచ్చిన చోట ఏం మిగిల్చి వస్తోంది అన్నది మా ఫారాల్లో ఎక్కడా ఉండదు. రైతుకు అది కూడా తెలియాలన్నది నా గట్టి నమ్మకం. తెలిస్తే మన వాడకం మారుతుంది.

ముందు ఒక లెక్క చూద్దాం. డీఏపీ కట్ట బరువు 50 కిలోలు. కట్ట మీద 18-46 అని ఉంటుంది. మొదటిది నత్రజని శాతం, రెండోది ఫాస్ఫరస్ పెంటాక్సైడ్ రూపంలో లెక్కగట్టిన భాస్వరం శాతం. అంటే కట్టకు 23 కిలోల భాస్వరం. అంత భాస్వరం తీయాలంటే దాదాపు 80 కిలోల ఫాస్ఫేట్ రాయి కావాలి. ఆ రాయిని కరిగించడానికి అరవై కిలోలకు పైగా గంధకామ్లం కావాలి. ఆమ్లం, రాయి కలిసి భాస్వరం విడివడ్డాక ఫాస్ఫోజిప్సం అనే బూడిదరంగు వ్యర్థం మిగులుతుంది. టన్ను భాస్వరానికి సుమారు ఐదు టన్నులు. ఆ లెక్కన మన ఒక్క కట్టకు 115 కిలోలు. కట్ట మన పొలానికి వస్తుంది. దానికి రెండింతలకు మించిన బరువు ఏదో ఒక ఊరి పక్కన గుట్టగా మిగిలిపోతుంది. గనిలో తీసి పారబోసిన పైమట్టి ఈ లెక్కలో లేనే లేదు.

రాయి పుట్టిన చోటు

నత్రజనిని గాలిలోంచి తీయవచ్చు. యూరియా అలాగే తయారవుతుంది. భాస్వరానికి ఆ వీలు లేదు. ప్రతి గింజకూ, ప్రతి ప్రాణికీ అది కావాలి. దాని బదులు ఇంకొకటి పనికిరాదు. దొరికేది రాయిలోనే. కోట్ల ఏళ్ల కిందట సముద్రాల అడుగున చేరిన జీవరాశుల అవశేషాలు, అవక్షేపాలు గట్టిపడితే ఆ రాయి తయారైంది.

మన దేశంలో చెప్పుకోదగ్గ గని రాజస్థాన్‌లోని ఉదయపూర్ దగ్గర ఝామర్‌కోట్రా. అక్కడి ఫాస్ఫేట్ వంద కోట్ల ఏళ్లకు పైబడిన సూక్ష్మజీవుల పొరల్లో ఉంది. స్ట్రోమటోలైట్లు అనే ఆ పొరలున్న చోటును భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. మన విశాఖ మన్యంలో కాశీపట్నం దగ్గర అపటైట్ అనే ఫాస్ఫేట్ ఖనిజం ఉంది గానీ, అది కొద్దిపాటిదే. కాబట్టి రాయి రూపంలోనో, ఫాస్ఫారిక్ ఆమ్లంగానో, తయారైన డీఏపీగానో మన భాస్వరంలో చాలా భాగం ఓడల మీదే వస్తుంది. మొరాకో, జోర్డాన్, ఈజిప్టు, టోగో, సౌదీ అరేబియాల నుంచి తెచ్చుకుంటున్నాం. విశాఖ, కాకినాడ రేవులకు ఈ రాకపోకలు పాతవే. విశాఖలో ఫాస్ఫేట్ ఎరువుల కర్మాగారం 1967 నుంచి నడుస్తోంది.

ప్రపంచంలోని ఫాస్ఫేట్ నిల్వల్లో దాదాపు 70 శాతం మొరాకో, పశ్చిమ సహారాల్లోనే ఉన్నాయి. ఏటా ప్రపంచమంతా కలిపి తవ్వే రాయి 20 కోట్ల టన్నులకు పైమాటే. అందులో ఎక్కువ భాగం ఎరువులకే పోతుంది. అంటే ఈ గనులన్నీ చివరికి ఎవరో ఒక రైతు చేను కోసం తవ్వుతున్నవే.

తలుపుకు అడ్డం పెట్టిన రాయి

గని ఒక ఊరిని ఏం చేయగలదో తెలియాలంటే నౌరు కథ వినాలి. పసిఫిక్ మహాసముద్రంలో 21 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి అది. మన మండలాల్లో చాలా వాటి కంటే చిన్నది. అక్కడి నుంచి తెచ్చిన ఒక రాయిని సిడ్నీలోని ఒక కంపెనీ ఆఫీసులో తలుపు పడిపోకుండా అడ్డం పెట్టుకునేవారు. శిలగా మారిన చెట్టు ముక్క అనుకున్నారట. ఆల్బర్ట్ ఎల్లిస్ అనే ఉద్యోగికి అనుమానం వచ్చి పరీక్ష చేశాడు. మేలురకం ఫాస్ఫేట్ అని తేలింది. అలాంటి పరీక్షలే చేస్తూ బతికినదాన్ని కాబట్టి ఈ కథ నన్ను వదలదు. ఒక నమూనా ఫలితం ఒక దీవి తలరాతను మార్చేసింది.

1907లో ఎగుమతులు మొదలయ్యాయి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ పచ్చిక బయళ్లకు ఆ రాయే ఎరువైంది. పగడపు సున్నపురాయి స్తంభాల మధ్య సందుల్లో ఉన్న ఫాస్ఫేట్‌ను తోడేయగా, మనిషి ఎత్తుకు మించిన తెల్లటి మొనలు మాత్రం మిగిలాయి. దీవిలో దాదాపు 80 శాతం నేల అలాగే అయింది. మధ్య భాగంలో దున్నడానికి మట్టి లేదు, ఇల్లు కట్టుకోవడానికి చదును లేదు. జనమంతా సముద్రపు ఒడ్డున సన్నని అంచులో బతుకుతున్నారు. 1968లో స్వాతంత్ర్యం వచ్చాక నౌరు ప్రజలు 1989లో అంతర్జాతీయ న్యాయస్థానంలో ఆస్ట్రేలియా మీద దావా వేశారు. 1993లో 10.7 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు రాజీ కుదిరింది. పోయిన మట్టి మాత్రం ఆ డబ్బుతో తిరిగి రాలేదు. పక్కనున్న బనాబా దీవి వాసుల కథ ఇంకా బాధాకరం. 1945లో వాళ్లను ఏకంగా ఫిజీలోని రాబి దీవికి తరలించారు.

గుట్ట కింద నీళ్లు

గని కంటే ఎక్కువ కాలం వేధించేది ఫాస్ఫోజిప్సం గుట్ట. ఫాస్ఫేట్ రాయిలో సహజంగానే కొంచెం యురేనియం ఉంటుంది. దాని నుంచి పుట్టే రేడియం, ఆమ్లంతో పోకుండా జిప్సంలో చిక్కుకుంటుంది. ఫ్లోరైడ్, ఆమ్లపు నీళ్లు సరేసరి. అమెరికాలోని ఫ్లారిడాలో ఇలాంటి గుట్టలు కలిపి వంద కోట్ల టన్నుల దాకా పేరుకున్నాయి. వాటి నడినెత్తిన ఆమ్లపు నీటి చెరువులు ఉంటాయి.

2016లో అక్కడి మల్బరీ పట్టణం దగ్గర ఒక గుట్ట కింద నేల కుంగి పెద్ద గొయ్యి పడింది. 21.5 కోట్ల గ్యాలన్ల కలుషిత నీరు భూగర్భ జలాల్లోకి దిగిపోయింది. 2021లో టంపా బే ఒడ్డున పైనీ పాయింట్ దగ్గర మరో గుట్ట చెరువుకు గండి పడే పరిస్థితి వచ్చింది. మూడు వందలకు పైగా ఇళ్లు ఖాళీ చేయించారు. కట్ట తెగకుండా ఉండాలంటే నీళ్లు వదలక తప్పలేదు. సుమారు 80 కోట్ల లీటర్లు సముద్రపు పాయలోకి పంపారు. ఆ పోషకాలతో నీటిలో నాచు విపరీతంగా పెరిగింది. పైనీ పాయింట్‌లో అసలు ఎరువులు తయారు చేసిన కంపెనీ 2001లోనే దివాలా తీసి వెళ్లిపోయింది. గుట్ట బరువు ప్రజల నెత్తిన పడింది.

ట్యునీషియాలోని గాబెస్ ఊరి కథ వేరు. అక్కడ 1970ల నుంచి ఫాస్ఫోజిప్సాన్ని సముద్రంలో కలుపుతున్నారు. చేపలు పట్టుకుని బతికే తీరం అది. కర్మాగారాన్ని ఆపమని 2025లో ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది.

పొటాష్ సంగతి క్లుప్తంగా చెబుతాను. మనం వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంతా దిగుమతే. ఆ గనుల దగ్గర మిగిలేది ఉప్పు. జర్మనీలోని హెరింగెన్ ఊరి పక్కన 20 కోట్ల టన్నులకు మించిన తెల్లటి ఉప్పుకొండ నిలబడి ఉంది. ఆ గనుల ఉప్పునీళ్లతో వెర్రా నది ఏళ్ల తరబడి చవుడెక్కిపోయింది.

గని దగ్గర చేయగలిగినవి

ఈ నష్టాలన్నీ తప్పనివేం కావు. కొన్నిచోట్ల తగ్గించి చూపించారు.

మొదటిది, తవ్విన నేలను బాగుచేయడం. ఫ్లారిడాలో 1975 జూలై 1 తరవాత తవ్విన ప్రతి ఎకరాన్నీ తిరిగి బాగుచేయాలని చట్టం ఉంది. పైమట్టిని విడిగా దాచి, గోతులు పూడ్చాక తిరిగి పరచాలి. అక్కడ తవ్విన దాంట్లో మూడో వంతు ఫాస్ఫేట్, మూడో వంతు ఇసుక, మూడో వంతు బంకమట్టి. ఇసుకతో గోతులు పూడుతాయి. బంకమట్టి మాత్రం చెరువుల్లో ఏళ్ల తరబడి నీరు వదలకుండా ఉంటుంది. అక్కడ పూర్వపు అడవి తిరిగి రావడం కష్టం. అందుకే తవ్వకూడని చిత్తడి నేలలను ముందే గుర్తించి విడిచిపెట్టడం అన్నిటికంటే మేలు. బాగుచేయడానికి అయ్యే డబ్బు కంపెనీ దగ్గర ముందే డిపాజిట్‌గా కట్టించుకోవాలి. పైనీ పాయింట్ నేర్పే పాఠం అదే.

రెండోది, నీళ్లు, కరెంటు ఆదా. మొరాకోలోని ఖురిబ్గా గనుల్లో 1921 నుంచి తవ్వుతున్నారు. పూర్వం రాయిని కడిగి, ఆరబెట్టి, రైళ్ల మీద రేవుకు పంపేవారు. 2014లో 187 కిలోమీటర్ల గొట్టపు మార్గం వేశారు. గనులు ఎత్తులో, రేవు సముద్రమట్టంలో ఉండటంతో రాతిపొడి కలిసిన నీరు ఎక్కువగా వాలుకే జారి జోర్ఫ్ లస్ఫర్ చేరుతుంది. ఆరబెట్టే ఇంధనం మిగిలింది, రైళ్ల ఖర్చు తగ్గింది. ఊళ్ల మురుగునీటిని శుద్ధి చేసి రాయి కడగడానికి వాడుతున్నారు. ఎడారి అంచు దేశంలో తాగేనీటికి, గనికి పోటీ రాకుండా ఇది కొంత కాపాడుతుంది.

మూడోది, గుట్ట పెరగకుండా ఆపడం. చైనాలోని గ్విజౌ రాష్ట్రం 2018లో గట్టి నియమం పెట్టింది. కంపెనీ ఎంత ఫాస్ఫోజిప్సాన్ని ఇతర పనులకు వాడకంలోకి పంపిస్తుందో, అంతకు సరిపడా మాత్రమే కొత్తగా ఉత్పత్తి చేయాలి. వాడటం చేతకాకపోతే ఎరువు తయారీ తగ్గించుకోవాలి. నాకు అన్నిటికంటే నచ్చిన నియమం ఇది. వ్యర్థం ఎవరిదో, బాధ్యతా వారిదే అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

మన దేశంలోనూ ఏటా కోటి టన్నులకు అటూఇటూగా ఫాస్ఫోజిప్సం పుడుతుంది. సిమెంటు కర్మాగారాలు కొంత తీసుకుంటాయి. రోడ్ల పునాదుల్లో వాడుతున్నారు. కట్టడాల్లో వాడే జిప్సంలో రేడియం ఎంతకు మించకూడదో అణుశక్తి నియంత్రణ మండలి పరిమితి పెట్టింది. గుట్టల కింద నీరు దిగని పొర, చుట్టూ కాలువలు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇవి కాగితం మీద ఉంటే చాలదు. గుట్ట చుట్టుపక్కల బావుల నీటి ఫలితాలు ప్రతి సీజన్‌లోనూ పంచాయతీ ఆఫీసు గోడ మీద అంటించాలి.

జిప్సం విలువ అనంతపురం వేరుసెనగ రైతుకు బాగా తెలుసు. ఊడలు దిగే వేళకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాల్షియం, గంధకం అంది కాయ గట్టిపడుతుంది, లొట్టలు తగ్గుతాయి. చవుడు నేలలకూ అదే మందు. మట్టి పరీక్షలో అవసరమని తేలిన చోట, నాణ్యత పరీక్షించిన ఫాస్ఫోజిప్సం వాడితే గుట్ట తరుగుతుంది, చేను బాగుపడుతుంది.

నీలం రంగు చెప్పే నిజం

గని దగ్గర ఎన్ని మంచి పనులు చేసినా, అనవసరంగా తవ్వే రాయిని తవ్వకుండా ఉండటం కంటే పెద్ద మేలు లేదు. ఆ పని గనిలో జరగదు, మన పొలంలో జరుగుతుంది. నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇదే.

ల్యాబ్‌లో భాస్వరం పరీక్ష ఇలా చేస్తాం. మట్టిని సోడియం బైకార్బొనేట్ ద్రావణంలో కుదుపుతాం. వడగట్టిన నీటికి మాలిబ్డేట్, ఆస్కార్బిక్ ఆమ్లం కలుపుతాం. భాస్వరం ఉంటే నీలం రంగు వస్తుంది. ఎంత ఎక్కువ ఉంటే అంత ముదురు. అనంతపురం ఎర్రనేలల్లో చాలా నమూనాలకు లేత నీలం వచ్చేది. డెల్టాకు బదిలీ అయ్యాక నమూనా తరవాత నమూనా సిరాలాగా ముదిరేది. నీళ్లు కలిపి పలచన చేస్తే తప్ప యంత్రం చదవలేకపోయేది. సార్వాకూ దాళ్వాకూ వేసిన డీఏపీ, కాంప్లెక్స్ ఎరువులు ఏళ్ల తరబడి ఆ నేలలో పేరుకున్నాయి.

ఎందుకు పేరుకుంటుందంటే, వేసిన ఏడాది పైరు తీసుకునే భాస్వరం సుమారు 15 నుంచి 20 శాతమే. మిగిలింది ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియంతో, నల్లరేగడిలో కాల్షియంతో బిగుసుకుంటుంది. అది నేలలోనే ఉంటుంది, నెమ్మదిగా విడుదలవుతుంది. వరిచేలో నీరు నిలిపితే ఇనుముతో బిగిసిన భాస్వరం కొంత కరిగి వేళ్లకు అందుతుంది. భాస్వరం మితిమీరితే జింకు అందదు. ఆకుల మీద తుప్పు మచ్చలు, గిడసబారిన దుబ్బులు చూసి రైతు తెగులు అనుకుని మరో మందు కొడతాడు. మట్టితో పాటు కొట్టుకుపోయిన భాస్వరం కాలువల్లో నాచునూ, గుర్రపుడెక్కనూ పెంచుతుంది.

ఒక కౌలు రైతు అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "మేడమ్ గారూ, మీరు తగ్గించమంటారు. పక్క చేనాయన రెండు కట్టలేశాడండి. నాకు పంట తగ్గితే మక్తా ఎవరు కొలుస్తారండీ?" ఆ భయం న్యాయమైనదే. నష్టం వస్తే పూచీ లేనివాడికి ఎక్కువ వేయడమే ధీమా. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. చేనంతా ఒక్కసారిగా మార్చనక్కర్లేదు. ఒక మడిలో భూసార పరీక్ష కార్డులో రాసిన మోతాదు వేయండి, మిగతా చేలో మీ అలవాటు ప్రకారం వేయండి. కోతలప్పుడు రెండు మడుల ధాన్యం విడివిడిగా తూచండి. ఆ తూకం మీద ఆధారపడి నిర్ణయించుకోండి.

ఇంకొన్ని మాటలు. భాస్వరం మొత్తం ఆఖరి దుక్కిలోనే వేయాలి. నాటాక పైపాటుగా డీఏపీ, కాంప్లెక్స్ చల్లడం డబ్బు దండగ. భాస్వరం కరిగించే బ్యాక్టీరియాను మాగిన పశువుల ఎరువులో కలిపి దుక్కిలో వేస్తే నేలలో బిగిసిన దానిలో కొంత పైరుకు అందుతుంది. వేరుసెనగకు డీఏపీ బదులు సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ ఎకరాకు 100 కిలోలు వేసుకోవచ్చు. సూపర్ తయారీలో జిప్సం విడిగా మిగలదు, ఎరువులోనే ఉండి చేనుకు కాల్షియం, గంధకం ఇస్తుంది. కర్మాగారం దగ్గర గుట్ట ఉండదు. వరి తీసుకున్న పొటాష్‌లో ఎక్కువ భాగం గడ్డిలోనే ఉంటుంది. గడ్డిని తగలబెట్టకుండా దున్నేస్తే పొటాష్ ఖర్చు తగ్గుతుంది. చక్కెర మిల్లుల మొలాసిస్ నుంచి తీసే పొటాష్‌కూ 2021 నుంచి కేంద్రం సబ్సిడీ ఇస్తోంది. గనితో పనిలేని పొటాష్ అది.

మళ్లీ వాడుకోవడం

మనం తిన్న అన్నంలోని భాస్వరం చివరికి మురుగులోకి పోతోంది. జర్మనీ 2017లో ఒక నిబంధన తెచ్చింది. లక్ష జనాభాకు మించిన మురుగుశుద్ధి కేంద్రాలు 2029 నుంచి బురదలోని భాస్వరాన్ని తిరిగి తీయాలి. మన హైదరాబాద్, విజయవాడ, విశాఖల మురుగులోనూ భాస్వరం ఉంది. పారిశ్రామిక వ్యర్థాలు కలవకుండా చూసుకుంటే అది ఎరువు అవుతుంది. కొత్త శుద్ధి కేంద్రాలు కట్టేటప్పుడే ఈ ఏర్పాటు పెట్టడం తెలివైన పని. పల్లెల్లో పశువుల ఎరువు, కోళ్ల ఎరువు ఇప్పటికే చేతిలో ఉన్న భాస్వరం.

ప్రభుత్వాలను నేను అడిగేది రెండే. విదేశాల నుంచి రాయి, ఆమ్లం, డీఏపీ కొనే ఒప్పందాల్లో గని నేలను బాగుచేయడం, వ్యర్థాన్ని సముద్రంలో కలపకపోవడం షరతులుగా పెట్టాలి. మనం పెద్ద కొనుగోలుదారులం, అడిగే హక్కు ఉంది. భూసార పరీక్ష ఫలితం విత్తే ముందే, కౌలు రైతు చేతికి కూడా అందాలి. దుక్కి అయ్యాక వచ్చిన కార్డు గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది.

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నా విన్నపం ఇది. దాళ్వా కోతలు అయ్యాక, సార్వా దుక్కికి ముందు మట్టి తీయండి. ఎకరాకు ఎనిమిది, పది చోట్ల ఆరంగుళాల లోతున 'వి' ఆకారంలో గుంట తీసి, గుంట పక్క నుంచి పైనుంచి కింది దాకా మట్టి గీకండి. గట్ల పక్క, చెట్ల కింద, పెంటకుప్ప పోసిన చోట తీయకండి. అంతా కలిపి అరకిలో నీడలో ఆరబెట్టి దగ్గర్లోని భూసార పరీక్షా కేంద్రానికి ఇవ్వండి. భాస్వరం ఎక్కువ అని వస్తే, కార్డులో చెప్పినంత తగ్గించండి. పది కట్టలు తగ్గిన చోట ఎనిమిది క్వింటాళ్ల రాయి గనిలోనే ఉంటుంది, టన్నుకు పైగా వ్యర్థం పుట్టదు, కట్టకు 1,350 రూపాయల చొప్పున మీ డబ్బు మీ దగ్గరే మిగులుతుంది.